పంతొమ్మిది డిగ్రీల పగ

నాకు కోపం తొందరగా వస్తుంది, పోవడానికే తీరుబడి దొరకదు. ఈ సంగతి మా ఆయనకి తెలుసు, మా అక్కకి తెలుసు, సింగపూర్‌లో మేముండే టాంపినీస్‌లో మా బ్లాకు కింద కూరగాయలమ్మే చైనా ఆంటీకి కూడా తెలుసు. తెలియనిదల్లా మా బావగారికే.

బావగారంటే మా అక్క భర్త. వాళ్ళు చోవా చూ కాంగ్‌లో ఉంటారు. మేం ఈ ద్వీపానికి తూర్పున, వాళ్ళు పడమట. మధ్యలో రైలు మారి గంటన్నర కూర్చుంటే గానీ ఒకరి మొహం ఒకరం చూసుకోలేం. ఆయనకి రెండు సరదాలు. ఒకటి ఇంట్లో సొంతంగా బీరు తయారుచేయడం. రెండోది నన్ను ఏడిపించడం. రెండోదాన్ని ఎవరూ తప్పుపట్టరు. బావామరదళ్ళ పరాచికాలకి హద్దు లేదని మనవాళ్ళు ఎప్పుడో తీర్మానించేశారు. బావ ఏమన్నా మరదలు నవ్వాలి. నవ్వకపోతే దీనికి సరసం తెలీదంటారు. ఉడుక్కుంటే ఇంకా సంబరం. నాకు నలభై నాలుగేళ్ళు, ఆఫీసులో పదిమంది చేత పని చేయిస్తాను. ఆయన ముందు మాత్రం ఇప్పటికీ జడలేసుకున్న మరదలు పిల్లనే.

ఆయన బీరు తాగి మా వాళ్ళందరూ ఆహా ఓహో అంటుంటే నాకు కుళ్ళు పుట్టిన మాట నిజం. దాచుకోను. నేను తాగేది అరగ్లాసు, అది కూడా ఎప్పుడో. కానీ పులియబెట్టడం నా విద్య. మా అమ్మకి ముగ్గురు ఆడపిల్లలైతే, ఆ చెయ్యి నాకే వచ్చిందని అందరూ అంటారు. ఇడ్లీ పిండి ఏ పూటకి ఎంత పులుస్తుందో మూత తీయకుండా చెప్పగలను. ఈ ఊళ్ళో మాకు తెలిసిన తెలుగిళ్ళల్లో కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయిలు పిండి పొంగకపోతే నాకే ఫోన్ చేస్తారు. అలాంటిదాన్ని, ఒక బకెట్టు బార్లీ నీళ్ళు పులియబెట్టలేనా అనుకున్నాను.

డిసెంబరులో సరంజామా కొన్నాను. ఒక పెద్ద డబ్బా నిండా మొలకెత్తిన బార్లీ పాకం, దాన్ని మాల్ట్ అంటారు, బెల్లప్పాకంలా నల్లగా చిక్కగా ఉంటుంది. ఒక చిన్న ఈస్ట్ పొట్లం. మూతకి గాలి బయటికి పోయే గొట్టమున్న ప్లాస్టిక్ బకెట్టు. పాకాన్ని మరిగించి, నీళ్ళు కలిపి, చల్లార్చి, ఈస్ట్ చల్లి మూత పెట్టాను. ఆ వారమంతా ఒకటే వాన. కిటికీలోంచి చల్లగాలి కొడుతోంది. చలికాలం మా అమ్మ పిండి గిన్నెకి పాత శాలువా చుట్టి పొయ్యి గట్టు మీద పెట్టేది. నాకు తెలిసిన శాస్త్రం అదే. ఇక్కడి ఫ్లాట్లలో ఇనప తలుపుతో, మందం గోడలతో ఒక బాంబ్ షెల్టర్ గది ఉంటుంది. యుద్ధం వస్తే దాక్కోవడానికట. యుద్ధం రాలేదు కాబట్టి అందులో అందరూ సామాన్లు పడేస్తారు. గాలాడదు, ఎప్పుడూ వేడిగా ఉంటుంది. నా ఊరగాయ జాడీలన్నీ అందులోనే. బకెట్టుని వాటి పక్కన పెట్టి, రగ్గు కప్పాను.

అయినా అనుమానం తీరక బావగారికి ఫోన్ చేశాను. వానగా ఉంది, బకెట్టుకి రగ్గు కప్పి షెల్టర్‌లో పెట్టాను, సరిపోతుందా అని అడిగాను.  

"శభాష్ మరదలా," అన్నారు. "ఇంట్లో ఇంకో రగ్గుంటే అది కూడా కప్పు."

కప్పాను. ఆరు గంటల్లో గొట్టంలోంచి నురగ పొంగి నేల మీద పడింది. నాకెంత సంతోషమో. మూడు రోజుల్లో పొంగు చల్లారింది. సీసాలకి పట్టి, మూడు వారాలు ఆగి, జనవరిలో ఒక ఆదివారం అక్కావాళ్ళింట్లో భోజనాలకి నాలుగు సీసాలు పట్టుకెళ్ళాను. బయల్దేరే ముందు మా అమ్మాయి ఒక సీసా వాసన చూసి, "అమ్మా, డోంట్ డ్రింక్ లా, యు విల్ డై," అంది ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో. చిన్నపిల్లకేం తెలుసులే అనుకున్నాను.

పదిహేనుమంది ఉన్నారు. బావగారే స్వయంగా గ్లాసుల్లో పోశారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, అక్కని పిలిచి, కాస్త దూది తెమ్మన్నారు. ఎందుకని అక్క అడిగితే, ఆడవాళ్ళెవరైనా గోళ్ళరంగు తుడుచుకుంటారేమో, మా మరదలు మందు తెచ్చిందన్నారు. అందరూ వాసన చూశారు. నిజంగానే గోళ్ళరంగు తుడిచే మందు వాసన, దాని వెనకాల మగ్గిపోయిన అరటిపండు వాసన. గొంతులో పోసుకుంటే మంట. అప్పుడు ఆయన రగ్గు కథ మొదలుపెట్టారు. మా మరదలు బకెట్టుని చంటిపిల్లలా పడుకోబెట్టింది, జోలపాట కూడా పాడే ఉంటుంది అని. ఒకాయనకి నవ్వీ నవ్వీ పొలమారింది. రెండో రగ్గు ఎవరు కప్పమన్నారో మాత్రం బావగారు చెప్పలేదు. నేను చెబుదామంటే, ఉడుక్కున్న మరదల్ని అయిపోతాను. అందుకని నేనూ నవ్వాను. వంటింట్లో అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకోవే, ఆయన తీరే అంత," అంది.

అక్కడితో అయిపోతే నేనూ ఊరుకుందునేమో. ఆ బీరుకి 'రగ్గు బీరు' అని పేరు పడిపోయింది. ఎవరింటికి వెళ్ళినా అదే పలకరింపు. పిండి పొంగలేదని నాకు ఫోన్ చేసే అమ్మాయిల్లో ఒకతె, "ఆంటీ, రగ్గు కప్పమంటారా," అని కిసుక్కున నవ్వింది. నా ఒళ్ళు మండిపోయింది. ఆయన వెక్కిరించింది నా బీరుని కాదు, మా అమ్మ దగ్గర్నుంచి నాకొచ్చిన చేతిని. దానికి ఆయన చేత మూల్యం కట్టించాలి, అదీ నలుగురిలో కట్టించాలి అని నిశ్చయించుకున్నాను. రోజూ పళ్ళు తోముకునేటప్పుడు ఆ మాట ఒకసారి గుర్తుచేసుకునేదాన్ని.

ముందు విద్య నేర్చుకోవాలి. చదివాను. చదివిన కొద్దీ సిగ్గేసింది, సిగ్గుతో పాటు మంట ఇంకా పెరిగింది. పిండికి వేడి ఎంత మంచిదో బీరుకి అంత చెడ్డది. వేడి పద్దెనిమిది, ఇరవై డిగ్రీల మధ్య ఉంటే ఈస్ట్ నెమ్మదిగా, శుభ్రంగా పని చేస్తుంది. వేడెక్కితే హడావిడి పడుతుంది. హడావిడిగా తోమిన గిన్నెకి జిడ్డు మిగిలినట్టు, ఆ హడావిడిలో బీరుకి పాడు వాసనలన్నీ అంటుకుంటాయి. పైగా పులిసేటప్పుడు ఆ ద్రవం తనంతట తానే వేడెక్కుతుంది. గది ముప్పై ఉంటే బకెట్టు లోపల ముప్పై మూడుంటుంది. సింగపూర్‌లో గది ఎప్పుడూ ముప్పయ్యే కదా. దాని మీద నేను రెండు రగ్గులు కప్పాను. ఆయనకి ఇదంతా తెలుసు. ఆ తెలిసిన మనిషే ఇంకోటి కప్పమన్నాడు.

బట్టలు నానబెట్టే పెద్ద టబ్బు కొని, నీళ్ళు పోసి, అందులో బకెట్టు నిలబెట్టాను. మా ఆయన పాత లుంగీ తడిపి బకెట్టుకి చుట్టి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను. నీళ్ళసీసాలు గడ్డకట్టించి, ఆఫీసుకి వెళ్ళే ముందు రెండు, వచ్చాక రెండు టబ్బులో వేసేదాన్ని. బకెట్టుకి అంటించే థర్మామీటరు పట్టీ ఒకటి దొరికింది. పొద్దున లేచి దేవుడికి దణ్ణం పెట్టుకునే ముందు దాని మొహం చూసేదాన్ని. మొదటిసారి ఉత్సాహం ఎక్కువై ఆరు సీసాలు వేశాను. పద్నాలుగుకి పడిపోయి ఈస్ట్ నిద్రపోయింది, రెండు రోజులు బుడగ లేదు. సీసాలు తీసేసి, బకెట్టుని కాస్త ఊపి లేపాల్సి వచ్చింది. రెండోసారి పొద్దున పంతొమ్మిది, సాయంత్రం ఇరవై అయిదు, మళ్ళీ పంతొమ్మిది. అలా ఊగితే కూడా లాభం లేదట. మూడోసారికి లెక్క కుదిరింది. ఫ్రీజర్ నిండా సీసాలే ఉంటే చేపలెక్కడ పెట్టుకోవాలని మా ఆయన అడిగారు. కొన్నాళ్ళు పప్పు తినమన్నాను.

ఆ మూడో బీరు బాగుంది. దాచకుండా చెబుతున్నాను, బావగారి దానికంటే బాగుంది. అయినా ఎవరికీ చూపించలేదు, షెల్టర్‌లో జాడీల వెనక దాచాను. చూపిస్తే ఆయనేమంటారో నాకు తెలుసు. చూశారా, నేను ఏడిపించబట్టే నేర్చుకుంది అంటారు. నా చెమట కూడా ఆయన ఖాతాలోకే పోతుంది. నాకు కావలసింది మెప్పు కాదు, దెబ్బకి దెబ్బ.

ఆ అవకాశం జూన్‌లో దానంతటదే వచ్చింది. మా బ్లాకు పాతదైందని ఇంటింటికీ బాత్రూములు పగలగొట్టి కొత్తవి కడుతున్నారు. పది రోజులు దుమ్ము, డ్రిల్లు మోత. మా ఆయన, అమ్మాయి ఎలాగో సర్దుకుంటామన్నారు. నేను బట్టలు సర్దుకుని అక్క దగ్గరికి వెళ్ళిపోయాను. బావగారికి ఆగస్టులో యాభై నిండుతాయి. ఆ విందుకి సొంత బీరు పోస్తానని ముందే అందరికీ చాటింపు వేశారు. ఒక ఆదివారం పొద్దున రెండు బకెట్లు తయారుచేసి, తన ప్రత్యేకమైన ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యాహ్నం విమానానికి ఆఫీసు పని మీద జకార్తా వెళ్ళారు. శుక్రవారం గానీ రారు.

ఆ ఫ్రిజ్‌ది ఒక పద్ధతి. దాని ప్లగ్గు ఒక చిన్న నల్ల బాక్సుకి పెట్టి ఉంటుంది. బాక్సులోంచి వచ్చే తీగ బకెట్టుకి అంటించి ఉంటుంది. బాక్సులో పంతొమ్మిది అని పెడితే, బీరు పంతొమ్మిది దాటగానే ఫ్రిజ్ నడుస్తుంది, చల్లబడగానే ఆగుతుంది. బయల్దేరే ముందు బావగారు గుమ్మంలో నిలబడి అక్కకి వేలు చూపించి మరీ చెప్పారు, ఆ గదిలోకి వెళ్ళొద్దు, నీ పిండి గిన్నెలు అందులో పెట్టొద్దు, ఇస్త్రీకని ప్లగ్గు పీకొద్దు అని. నాకేమీ చెప్పలేదు. నేను ఆ బాక్సు వైపు చూడగలనని కూడా ఆయనకి తోచలేదు.

ఆ సాయంత్రం అక్క కొత్తిమీర కోసం కిందికి వెళ్ళింది. నేను ఆ గదిలోకి వెళ్ళి, బటన్ నొక్కి, పంతొమ్మిదిని ముప్పై అయిదు చేశాను. ఫ్రిజ్ గుర్రుమని ఒకసారి వణికి ఆగిపోయింది. భయమేమీ వేయలేదు. అంత హాయి నాకు ఈ మధ్యకాలంలో దేనితోనూ కలగలేదు. కుక్క కాటుకి చెప్పు దెబ్బ అనుకున్నాను.

ఆ మూడు రోజులూ అక్కా నేనూ చిన్నప్పటిలా గడిపాం. తను సెలవు పెట్టింది. గోరుచిక్కుడు కోసుకుంటూ, మా ఊరి మనుషులందర్నీ తలుచుకుని నవ్వుకున్నాం. ఒకే మంచం మీద పడుకున్నాం. సోమవారం పొద్దున బట్టలు మడతపెడుతూ, "ఫ్రిజ్ చప్పుడే లేదేమిటే," అని అడిగింది అక్క. చల్లబడితే ఆగుతుందిలే అన్నాను. నీకివన్నీ ఎలా తెలుసే అని మురిసిపోయింది. తను బయటికి వెళ్ళినప్పుడల్లా నేను లోపలికి వెళ్ళి బాక్సు చూసేదాన్ని. ఇరవై ఆరు, ముప్పై, సోమవారం సాయంత్రానికి ముప్పై మూడు. గొట్టంలో బుడగలు టపటపా పేలుతున్నాయి. బుధవారం పొద్దున మళ్ళీ పంతొమ్మిదికి తిప్పేశాను. శుక్రవారం బావగారొచ్చి, చెప్పులు విప్పకుండానే బాక్సు చూసుకుని, పంతొమ్మిది ఉందని అక్కని మెచ్చుకున్నారు.

జూలైలో ఆయన బీరు సీసాలకి పట్టారు. ఆ తరవాత అక్క ఫోన్ చేసినప్పుడల్లా గొంతు నీరసంగా ఉండేది. ఏమిటంటే, బీరు చెడిందట, ఈయన ఒకటే సణుగుడు అంది. సణగనీ అనుకున్నాను. ఎవరి మీద సణుగుతున్నారని నేను అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. ఫోన్ పెట్టేశాక మా ఆయనకి మంచి కాఫీ కూడా పెట్టిచ్చాను.

విందు రోజు మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. రగ్గు కథకి నవ్వినవాళ్ళందరూ ఉన్నారు. చాటింపు వేసుకున్నాక వెనక్కి తగ్గలేక, మాగితే వాసన పోతుందని తనకి తాను చెప్పుకుని, బావగారు ఆ సీసాలే తెరిచారు. నేను వెతుక్కుని మరీ ఎదురుగా కూర్చున్నాను. వాళ్ళ ఆఫీసు పెద్దాయన ఒక గుక్క తాగి, బాగుంది బాగుంది అంటూ గ్లాసు బల్ల కింద పెట్టేశాడు. ఇంకొకరు అరటిపండు వేశారా అని అడిగారు. ఎవరో వెనకనుంచి "రగ్గు కప్పారా" అన్నారు. గది గొల్లుమంది. ఏడు నెలలుగా నేనెదురుచూసిన క్షణం అది. బావగారి మొహం మాడిపోతుందని చూస్తున్నాను.

మాడలేదు. ఆయన కూడా నవ్వేసి, గారెల పళ్ళెంతో అప్పుడే వచ్చిన అక్కని చూపించారు. "నన్నడుగుతారేంటి, ఈవిడగార్ని అడగండి. ఇస్త్రీ చేసుకోవడానికి ప్లగ్గు పీకింది. మూడు వారాలుగా అడుగుతున్నా, పీకలేదంటుంది. చదువుకున్న మనిషి, ప్లగ్గు మీద ధ్యాస ఉండదు."

అందరూ అక్క వైపు తిరిగి నవ్వారు. అక్క పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది. "పీకానేమో, గుర్తు లేదు," అంది. ఆ మాట అనడం ఆమెకి అలవాటైపోయినట్టు అంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించారని ఆయన్ని అనడానికి నాకు నోరు లేదు, దుత్తని ఆయన ముందు పెట్టింది నేనే.

"ప్లగ్గు ఎవరూ పీకలేదు బావా," అన్నాను. "నంబరు నేను తిప్పాను."

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు. "అక్కని ఎలా వెనకేసుకొస్తోందో చూడండి. మరదలా, ఆ బాక్సుకి బటన్లెన్నో చెప్పు చూద్దాం."

ఆ నవ్వు చూసేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒప్పుకున్నా నమ్మడం లేదు. పాడుచేయడానికి కూడా నాకు తెలివి చాలదనుకుంటున్నాడు.

"నాలుగు. చివరిది నొక్కి పట్టుకుంటే నంబరు మెరుస్తుంది. మీరు వెళ్ళిన సాయంత్రం ముప్పై అయిదు పెట్టాను, ఫ్రిజ్ అసలు నడవకుండా. సోమవారం సాయంత్రానికి బీరు ముప్పై మూడుకెక్కింది. ఈస్ట్ పెరిగేది మొదటి రెండు మూడు రోజులే, కంపు చేరేది కూడా అప్పుడే. అందుకని బుధవారం మళ్ళీ పంతొమ్మిది చేశాను. మీరొచ్చి చూసేసరికి అంతా సవ్యంగా కనబడాలని."

ఇది సరసం కాదని అప్పటికి అందరికీ అర్థమైంది.  అక్క గారెల పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"చప్పుడు లేదేమిటే అని నిన్నే అడిగాను కదే," అంది నెమ్మదిగా. "నా పక్కనే పడుకున్నావు."

 వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు వినబడుతుందేమో అని చెవొగ్గాను. వినబడలేదు. లేచి ఆమె వెనకాలే వెళ్ళాలని నాకు తెలుసు.

బావగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. అరుస్తారనుకున్నాను, అరవలేదు. గ్లాసులో మిగిలిన బీరు వాసన ఇంకోసారి చూసి, నా వైపు వంగి, గొంతు తగ్గించి అడిగారు. ఈసారి మరదలా అనలేదు.

"నాలుగో రోజు పెంచి ఉంటే?"

మా బావైన ఇరవై రెండేళ్ళలో ఆయన నన్ను ఒక విషయం తెలుసుకోవడానికి అడగడం అదే మొదలు. వంటింటి తలుపు వైపు చూశాను. అది మూసి ఉంది. నాలుగో రోజు పెంచితే మీ బీరు ఇంకా బాగుండేదని, అప్పటికి ఈస్ట్ ముఖ్యమైన పని అయిపోతుందని, చివర్లో కాస్త వెచ్చబెడితే మిగిలిన మురికి కూడా అదే శుభ్రం చేసుకుంటుందని, ఒక్కొక్కటీ వివరంగా చెప్పాను. ఆయన తలూపుతూ విన్నారు. మొత్తం చెప్పి ముగించాకే లేచాను.